వెదురు పుల్లలు చెక్కే చాకు

మా షాపులో పొద్దున్నే మొదటి పని వెదురు పుల్లలు చెక్కుకోవడం. మోటార్ వైండింగ్ పని, అంటే కాలిన మోటార్లకి మళ్లీ తీగ చుట్టే పని, తెలిసినవాళ్లకి ఈ ముక్క చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మోటారు లోపల ఇనుప కోరుకి వరసగా గాడులు ఉంటాయి. వాటిని స్లాట్లంటాం. ఒక్కో స్లాటులో ముందు తీగ ఇనుముకి తగలకుండా లెదరాయిడ్ అనే మందపాటి పేపరు పరిచి, దాంట్లోకి రాగి తీగ చుట్లు దించి, ఆ తీగ మళ్లీ పైకి లేవకుండా స్లాటు మూతిలో సన్నటి వెదురు పుల్ల ఒకటి దూరుస్తాం. 24 స్లాట్ల మోటారుకి 24 పుల్లలు, 36 ఉంటే 36. పుల్ల మందమైతే దూరదు, బలవంతంగా తోస్తే పేపరు చిరుగుతుంది. పలచనైతే మోటారు అదురుకి జారి బయటికొచ్చి, లోపల తిరిగే రోటారుకి రాసుకుంటుంది. అందుకని ప్రతి పుల్లా స్లాటు దగ్గర పెట్టి చూసుకుంటూ చేత్తో చెక్కాల్సిందే. రెడీమేడ్ ఫైబర్ పుల్లలు కూడా దొరుకుతాయి. కానీ ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి చుట్టుపక్కల వెదురుకి కరువేముంది? మా నాన్న చెక్కాడు, నేనూ చెక్కుతున్నాను.

ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఈ ఇరవై రెండేళ్లలో పదికి పైగా మడత చాకులు వాడాను. ఒక్కటీ ఖరీదైనది కాదు. ఫుట్‌పాత్ మీద కొన్నవి, హార్డ్‌వేర్ షాపులో కొన్నవి, ఆన్‌లైన్‌లో తెప్పించినవి. కొన్ని పోయాయి, కొన్ని విరిగాయి, ఒకటి నా వేలు కోసింది. ఇప్పుడు బల్ల మీద ఐదు ఉన్నాయి. షాపుకి వచ్చినవాళ్లు వాటిని చూసి "మేస్త్రీ, వీటిలో ఏది మంచిది? స్టీలు ఏది?" అని అడుగుతుంటారు. స్టీలు గురించి చెబుతాను గానీ, ముందు అడగాల్సింది అది కాదు. తెరిచిన చాకు తెరిచినట్టే నిలబడుతుందా లేదా, అది అడగాలి.

మామూలు కత్తి ఉండగా మడత చాకు ఎందుకంటే, మా పని షాపులోనే అయిపోదు. పొలంలో మోటారు పైకి తీయాలంటే బండి మీద వెళ్లాలి. గట్టు మీద నిలబడి పైపుకి కట్టిన తాళ్లు కోయాలి, కేబులు తొక్క తీయాలి, కొత్త మోటారు అట్టపెట్టె విప్పాలి. మధ్యాహ్నం రైతు ఇంటి నుంచి మామిడికాయ తెస్తే అదీ దాంతోనే. ఒరలేని కత్తి సంచిలో వేసుకెళితే టేపు తీద్దామని చెయ్యి పెట్టినప్పుడల్లా భయమే. మడిచి జేబులో వేసుకునేదైతే ఆ బాధ లేదు.

మొదట మా నాన్న చాకు. అది ఇప్పటికీ నా దగ్గరుంది. సంతలో కమ్మరి దగ్గర కొన్న కార్బన్ స్టీలు బ్లేడు, రెండు ఇత్తడి రివిట్లు. పిడికి మొదట్లో చెక్క ఉండేదట. అది పగిలిపోతే, కొమ్ము పని చేసే ఒక స్నేహితుడు గేదె కొమ్ము ముక్కలు రెండు అరగదీసి అతికించి ఇచ్చాడు. పర్లాకిమిడి కొమ్ము పని గురించి వినే ఉంటారు, కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. ఆ చేతితో చేసిన పిడి కాబట్టి చెమట పట్టినా జారదు, ఎండలో పెట్టినా కాలదు. నూరి నూరి బ్లేడు సగానికి అరిగి నెలవంకలా అయింది.

దానికి లాకు లేదు. పిడి వెనకున్న స్ప్రింగు పట్టీ బ్లేడుని నొక్కి పట్టుకుంటుంది, అంతే. మా నాన్నకి జీవితంలో ఒక్కసారి కూడా అది వేలి మీద మూసుకోలేదు. ఎందుకో చాలా ఏళ్లకి గానీ నాకు అర్థం కాలేదు. కోసేటప్పుడు మనం పెట్టే బలం బ్లేడు పదును మీద పడుతుంది, అంటే బ్లేడుని ఇంకా తెరుచుకునే వైపే నెడుతుంది. బలం వీపు మీద పడినప్పుడే అది మూసుకునేది. మొనతో పొడిస్తే, వెదురులో ఇరుక్కున్న బ్లేడుని అటూ ఇటూ తిప్పితే, పైకి లాగితే వీపు మీద బలం పడుతుంది. నాన్న ఆ మూడు పనులూ ఎప్పుడూ చెయ్యలేదు. బ్లేడు ఇరుక్కుంటే చాకుని వదిలేసి వెదురుని రెండు చేతులతో విడదీసేవాడు. నేను చూశాను గానీ నేర్చుకోలేదు.

ఆరేళ్ల కిందట ఏప్రిల్ నెల. వరుసగా మోటార్లు కాలి వస్తున్న రోజులు. ఒక రైతు 5 హెచ్‌పీ మోటారు తెచ్చి, చేను ఎండిపోతోంది మేస్త్రీ, ఇవాళే కావాలని షాపులోనే కూర్చున్నాడు. నా చేతిలో అప్పుడు బస్టాండు దగ్గర 120 రూపాయలకి కొన్న చాకు ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ, చూడ్డానికి చాలా బాగుండేది. లాకు కూడా ఉంది. లాకు ఉందనే ధీమాతో మొనని వెదురులోకి దించి పక్కకి మెలిపెట్టాను, చీలిక పెద్దదవుతుందని. టక్కుమని ఒక శబ్దం వచ్చింది. బ్లేడు వచ్చి చూపుడు వేలు మధ్య కణుపు మీద పడింది. మొదట నొప్పి తెలియలేదు. తెల్లటి లెదరాయిడ్ పేపరు మీద ఎర్రగా కనబడ్డాక తెలిసింది. ఆ రైతే తన తలగుడ్డ చింపి వేలికి చుట్టి, "మోటారు సంగతి తరవాత చూద్దుం, ముందు నువ్వు లెగు" అని బండెక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఐదు కుట్లు పడ్డాయి. రెండు వారాలు తీగ పట్టుకోలేదు. ఆ వేలు ఇప్పటికీ చలికాలంలో పూర్తిగా వంగదు. ఆయన చేను సంగతి అడిగే ధైర్యం చాలా రోజుల దాకా రాలేదు నాకు. పక్క షాపులో చేయించుకున్నానని తరవాత ఆయనే చెప్పాడు.

కుట్లు విప్పాక ఆ చాకుని భూతద్దం కింద పెట్టి చూశాను. దానిది లైనర్ లాక్ అనే రకం. బ్లేడు పూర్తిగా తెరిస్తే పిడి లోపలి రేకు ఒకటి పక్కకి జరిగి బ్లేడు తోక, అంటే పిడి లోపల ఉండే బ్లేడు మొదలు, వెనక అడ్డంగా నిలబడుతుంది. ముయ్యాలంటే ఆ రేకుని బొటనవేలితో తోసి పక్కకి తియ్యాలి. మంచి ఆలోచనే, ఇప్పుడు చాలా మడత చాకుల్లో ఇదే ఉంటుంది. కానీ నా చాకులో రేకు బ్లేడు తోకని వెంట్రుకవాసి మందమే తాకుతోంది. పైగా మెత్తటి రేకు, మూల అరిగి గుండ్రమైపోయింది. కొన్న రోజే చూసి ఉంటే తెలిసేది. చూడాలని తెలియదు.

అందుకే ఇప్పుడు ఏ చాకు కొన్నా ముందు మూడు సంగతులు చూస్తాను. బ్లేడు తెరిచి లోపలికి చూస్తే రేకు మందంలో కనీసం పావు వంతైనా బ్లేడు వెనక్కి వచ్చి ఉండాలి. మరీ అవతలి గోడ దాకా పోయి ఉన్నా మంచిది కాదు, అప్పుడే అంత దూరం పోతే అరిగాక ఇంకెక్కడికి పోతుంది? తరవాత బ్లేడు మొన దగ్గర పట్టుకుని పైకీ కిందకీ, పక్కలకీ కదిపి చూడాలి. పక్కలకి కొంచెం ఆట ఉంటే స్క్రూ బిగిస్తే పోతుంది. అందుకే ఇరుసు దగ్గర రివిట్ ఉన్నది కాకుండా స్క్రూ ఉన్నది తీసుకోవడం మేలు. పైకీ కిందకీ ఆట ఉంటే ఆ చాకు వద్దు. ఆఖరిది, పిడిని రెండు పక్కల నుంచి పట్టుకుని, వేళ్లు బ్లేడు మూసుకునే దారిలో లేకుండా చూసుకుని, బ్లేడు వీపుని చెక్క బల్ల అంచు మీద రెండు మూడుసార్లు తట్టాలి. గట్టిగా కొట్టక్కర్లేదు. పనికిరాని లాకు ఆ మాత్రానికే జారిపోతుంది. షాపువాడు ముఖం చిట్లిస్తాడు, చిట్లించనివ్వండి.

నాకు ఇప్పుడు బాగా నమ్మకం కుదిరింది బ్యాక్ లాక్ మీద. పిడి వీపు పొడుగునా ఒక కడ్డీ ఉంటుంది, దాని కొక్కెం స్ప్రింగు బలంతో బ్లేడు తోకలోని గాడిలోకి దిగుతుంది. ముయ్యాలంటే పిడి వెనక కడ్డీని నొక్కాలి. ఒంటి చేత్తో ముయ్యడం కష్టమే, కానీ ముయ్యడానికి తొందరేముంది? ఇంకో మంచి సంగతి, దాన్ని మూసేటప్పుడు వేలు బ్లేడు దారిలో పెట్టాల్సిన పని లేదు. లైనర్ లాకులో బొటనవేలు కాసేపు ఆ దారిలోనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త, కొక్కెం దిగే గాడిలో వెదురు పొట్టు, వార్నిష్ చేరితే కొక్కెం పూర్తిగా దిగదు. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి.

కట్టర్ సంగతి కూడా చెప్పాలి, చాలామందికి చాకు అంటే ఇప్పుడు అదే. మడిచేది కాదు, తోసేది. బ్లేడు మీద గీతలుంటాయి, మొద్దుబారగానే ఒక ముక్క విరిచేస్తే కొత్త మొన వస్తుంది. 1956లో జపాన్‌లో యోషియో ఒకాడా అనే ఆయన కనిపెట్టాడు. చాక్లెట్ బిళ్లని గీతల దగ్గర విరుచుకు తిన్నట్టు బ్లేడుని ఎందుకు విరవకూడదు అన్న ఆలోచనే మూలం. ఆయన కంపెనీ పేరు ఓల్ఫా. ఆ పేరుకి అర్థం కూడా జపాన్ భాషలో విరిచే బ్లేడు అనే. 9, 18 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేళ్లే ఎక్కువగా చూస్తాం. లెదరాయిడ్ పేపరు కొయ్యడానికి దీన్ని మించింది లేదు. స్కేలు పెట్టి గీస్తే అంచు ఎక్కడా పోగులు లేవదు. 18 మిల్లీమీటర్లది మా షాపులో రోజూ ఆడుతూనే ఉంటుంది, ఖరీదు యాభై అరవై రూపాయలు. కానీ దాన్ని వెదురు మీద పెట్టకండి. విరగడానికే పుట్టిన బ్లేడు అది, పక్క బలం పడితే మీరు అనుకోనప్పుడు విరుగుతుంది. విరిగిన ముక్క కంటివైపు ఎగరవచ్చు. విరవాలంటే పట్టుకారుతో పట్టి, కిందకి వంచి, మొహం పక్కకి తిప్పి విరవండి. ముక్కలు వెయ్యడానికి నేను ఖాళీ వార్నిష్ డబ్బా మూతకి చిన్న చీలిక పెట్టి ఉంచాను. చెత్తలో వేస్తే చెత్త ఎత్తేవాళ్ల చేతులు కోసుకుంటాయి.

దాని అన్నలాంటిది మడత యుటిలిటీ నైఫ్. పిడి చాకులాగే మడుస్తుంది, బ్లేడు మాత్రం సుమారు 6 సెంటీమీటర్ల పొడవున్న విడి బ్లేడు, రెండు కొసలూ పనికొస్తాయి. ఒక కొస మొద్దుబారితే తీసి తిప్పి పెట్టుకోవడమే. నాది బరంపురం హార్డ్‌వేర్ షాపులో 280 రూపాయలకి కొన్నాను, పది బ్లేళ్ల పెట్టె విడిగా. నూరడం చేతకానివాళ్లకి, నూరే తీరిక లేనివాళ్లకి నేను చెప్పేది ఇదే. అట్టపెట్టెలు, ప్యాకింగ్ పట్టీలు, గోనె సంచుల కుట్లు, పురికొస, అన్నీ వెన్నలా తెగుతాయి. అట్ట చాలా మోసకారి. మెత్తగా కనబడుతుంది గానీ బ్లేడుని అరగదీస్తుంది. రోజుకి ఇరవై పెట్టెలు విప్పే దుకాణదారుడైతే ఇంక వేరే ఆలోచించక్కర్లేదు. కొనేటప్పుడు బ్లేడుని పట్టుకునే దవడ చూడండి. బ్లేడు వేశాక వేలితో పక్కకి కదిపితే కటకటమనకూడదు.

మా పనిలో దీంతో ఒక ప్రమాదం ఉంది, అది కొంచెం వివరంగా చెబుతాను. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ మోటార్లు చాలావాటి లోపల నీళ్లే నిండి ఉంటాయి. వాటికి వాడే తీగ, సన్నటి పూత మాత్రమే ఉండే మామూలు ఎనామిల్ తీగ కాదు, పైన ప్లాస్టిక్ పొర చుట్టిన తీగ. నీటిలో తడుస్తూనే పనిచేస్తుంది. ఆ పొర మీద గుండుసూది మొనంత గాటు పడినా చాలు, నీరు లోపలికి పోయి మోటారు కాలిపోతుంది. ఎక్కడ పడిందో కంటికి కనబడదు. మోటారు బోరులోకి దించి, నాలుగు రోజులు తిరిగాక తెలుస్తుంది. మళ్లీ పైపులన్నీ పైకి లాగాలి, రైతుకి ఆ కూలి ఖర్చు మళ్లీ పడుతుంది. కాబట్టి ఆ తీగ దగ్గర కూర్చున్నప్పుడు సూదిమొన చాకు ఏదీ నా చేతిలో ఉండదు. అంచు తిన్నగా ఉండి, వీపే వంగి వచ్చి అంచుని కలిసే బ్లేడుంటుంది, దానికి పొడిచే మొన ఉండదు. బల్ల మీది ఐదు చాకుల్లో ఒకటి అలాంటిదే. మొన విరిగిపోయిన పాత చాకుని నేనే రాయి మీద ఆ ఆకారానికి అరగదీసుకున్నాను. చూడ్డానికి ఏమీ బాగుండదు. దాంతో చేసిన మోటారు మాత్రం ఇంతవరకూ ఒక్కటీ ఆ కారణంతో వెనక్కి రాలేదు.

మామూలు ఎనామిల్ తీగకైతే చాకు పని వేరు. కొసలు కలిపే చోట ఎనామిల్ పొర పూర్తిగా గీకాలి. గీకకుండా మెలిపెట్టి టంకం వేస్తే జాయింటు వేడెక్కి అక్కడే కాలుతుంది. పదునుతో గీకితే రాగి కూడా లేచిపోయి తీగ సన్నబడుతుంది. బ్లేడు వీపుతో గీకాలి. వీపు మూలలు చదరంగా, కోణం తేలి ఉంటే ఎనామిల్ పొడిలా రాలి, రాగి తళతళమంటూ బయటపడుతుంది. గుండ్రంగా పాలిష్ చేసిన వీపుంటే గీకదు. మా నాన్న చాకు వీపు ఇందుకు ఎంత బాగుంటుందో చెప్పలేను. ఈ పనికి ఇప్పటికీ దాన్నే తీస్తాను.

ఇక స్టీలు. ఆన్‌లైన్‌లో 900 రూపాయల దాకా పెడితే చైనా తయారీ చాకులు మంచివి వస్తున్నాయి. బ్లేడు మీద 3సీఆర్13 అనో, 8సీఆర్13ఎంఓవీ అనో రాసి ఉంటుంది. ఆ పేరే జాతకం. మొదటి అంకె కార్బన్ ఎంతో చెబుతుంది, 3 అంటే సుమారు 0.3 శాతం, 8 అంటే సుమారు 0.8 శాతం. సీఆర్13 అంటే క్రోమియం 13 శాతం దాకా. కార్బన్ గట్టితనం ఇస్తుంది, క్రోమియం తుప్పు ఆపుతుంది. కాబట్టి రెండూ స్టెయిన్‌లెస్సే, కానీ పదును నిలిచేది రెండో దాంట్లో. ఏ అక్షరాలూ లేకుండా ఊరికే స్టెయిన్‌లెస్ అని మాత్రమే ఉన్న బ్లేడుని నేనిప్పుడు పని కోసం కొనను. నా లెక్క వెదురు పుల్లల లెక్కే. ఫుట్‌పాత్ చాకుతో ఒక పూట ఎండిన వెదురు చెక్కితే పన్నెండో పుల్లకే బొటనవేలు నొప్పి పుట్టేది, అంటే పదును పోయి నేను బలం పెడుతున్నానన్నమాట. 8సీఆర్ బ్లేడుతో రెండు 36 స్లాట్ల మోటార్లకి సరిపడా చెక్కాను, ఆ తరవాతే రాయి మీద పెట్టాను.

దానికంటే బాగా వెదురుని కోసేది ఇంకొకటి ఉంది, ఒపినెల్ 8వ నంబరు, కార్బన్ బ్లేడుది. విశాఖపట్నంలో ఉండే మా తమ్ముడు కొని ఇచ్చాడు. ధర పదిహేను వందల పైనే అన్నాడు కాబట్టి చవక అనలేను, కానీ అది నేర్పిన సంగతుల కోసం ఇక్కడ చెబుతున్నాను. ఫ్రాన్స్‌లో సవోయ్ కొండల్లో 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన చాకు. బీచ్ కర్ర పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు, మెడ దగ్గర తిరిగే ఉంగరం. ఉంగరాన్ని తిప్పితే బ్లేడు మూసుకోదు. ఆ ఉంగరం 1955లో వచ్చింది. రేకులు లేవు, కొక్కేలు లేవు, అరిగినా కంటికి కనబడుతుంది. బ్లేడు పలచన, అందుకే వెదురులోకి చొరబడే తీరు వేరు. పొట్టు చుట్టలు చుట్టుకుని రాలుతుంది, నాన్న చాకుతో రాలినట్టే.

కర్ర పిడి చాకు ఏదైనా సరే, మా ఊరి వానాకాలంలో కొంచెం ఉబ్బుతుంది. మహేంద్రతనయ నది నిండుగా పారే రోజుల్లో షాపులో కాగితం కూడా చెమ్మగిల్లుతుంది, కర్ర ఎంత? అప్పుడు బ్లేడు గాడిలోంచి రావడానికి మొరాయిస్తుంది. గోటితో పీకి గోరు విరగ్గొట్టుకోకండి. మూసిన చాకు పిడి కొసని బల్ల మీద ఒక్కసారి కొడితే బ్లేడు తనే పైకి లేస్తుంది. ఇరుసు దగ్గర మైనం కరిగించి రాస్తే ఉబ్బు చాలావరకు తగ్గుతుంది. కార్బన్ బ్లేడుకి రాత్రి తుడిచి నూనె రాయడం తప్పనిసరి. కూరల పనికీ వాడేదైతే కొబ్బరి నూనె, లేకపోతే మిషన్ ఆయిల్. మామిడికాయ కోస్తే బ్లేడు మీద నీలం, నలుపు మరకలు వస్తాయి. అది తుప్పు కాదు, కంగారు పడి ఇసుక కాగితంతో గీకకండి. ఎర్రగా వస్తేనే తుప్పు.

ఆ నల్ల మరకలు మా ఆవిడకి నచ్చలేదు. ఒకరోజు దాంతో ఉల్లిపాయలు కోసి, "ఏమండీ, ముక్కలు నల్లబడుతున్నాయి, ఇనుము వాసన వస్తోంది, ఇది మీ షాపుకే పట్టుకెళ్లండి" అంది. 8సీఆర్ స్టెయిన్‌లెస్ చాకు మాత్రం ఇచ్చాక తిరిగి నా చేతికి రాలేదు. పాల ప్యాకెట్లకి, నిమ్మకాయకి, కొబ్బరి ముక్క గీరడానికి అదే. కూర తరగడానికి మాత్రం కత్తిపీటే. పక్కింటి ఒడియా పిన్ని కత్తిపీటని పనికి అంటుంది, వాళ్ల భాషలో దాని పేరే అది. చిన్నప్పుడు ఆవిడ "పనికి" అని అరిస్తే ఎవర్నో పనికి పిలుస్తోందనుకునేవాణ్ణి. చాకుని ఛురి అంటారు. మనం చాకు అనే మాట పారసీ వైపు నుంచి వచ్చింది, కత్తి మన సొంత మాట. ఈ సరిహద్దు ఊళ్లో పుట్టినవాడికి ఒక వస్తువుకి రెండు మూడు పేర్లు ఉండడం మామూలే.

నూరడం గురించి చెప్పకపోతే ఇదంతా సగమే అవుతుంది. 120 రూపాయల చాకైనా సరిగా నూరితే నూరని 900 రూపాయల చాకుని ఓడిస్తుంది. సైకిలు చక్రంతో సాన పట్టేవాళ్లకి మడత చాకు ఇవ్వకండి. పెద్ద కత్తులకి వాళ్ల పని బాగుంటుంది. పలచటి బ్లేడు మాత్రం ఆ చక్రం మీద త్వరగా వేడెక్కుతుంది, అంచు నీలంగా మారిందంటే అక్కడ స్టీలు మెత్తబడిపోయినట్టే, ఆ తరవాత ఎంత నూరినా పదును నిలవదు. 150 రూపాయల రెండు ముఖాల సానరాయి చాలు, ఒకవైపు గరుకు, ఒకవైపు నున్న. రాయి తడిపి, బ్లేడు వీపుని కొంచెం ఎత్తి, రాయిలోంచి పలచటి చెక్కు తీస్తున్నట్టు ముందుకి తొయ్యాలి. ఎంత ఎత్తాలంటే, బ్లేడు వెడల్పు 2 సెంటీమీటర్లయితే వీపు 7 మిల్లీమీటర్లు లేస్తే 20 డిగ్రీలు వస్తుంది. ఒక పెన్సిల్ మందం అంత. మొదట్లో నేను నిజంగానే వీపు కింద పెన్సిల్ పెట్టి చూసుకుని, ఆ వాలు చేతికి గుర్తుండేలా చేసుకున్నాను. ఒక వైపు నూరగా నూరగా రెండో వైపు అంచున గోటికి తగిలే సన్నటి ఇనుప పోగు లేస్తుంది. అది కొస నుంచి కొస దాకా లేచాకే వైపు మార్చాలి. ఆఖరున పాత తోలు బెల్టు మీద వెనక్కి పదిసార్లు లాగితే ఆ పోగు రాలిపోతుంది. రాయి లేని చోట పింగాణీ కప్పు అడుగున మెరుపు లేని గరుకు వలయం ఉంటుంది చూడండి, దాని మీద నాలుగు లాగులు లాగినా ఆ పూటకి పని నడుస్తుంది.

ఇంకో మాట, జేబులో పెట్టుకు తిరగడం గురించి అడుగుతుంటారు. ఆయుధాల చట్టం కింద నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తుల ప్రస్తావన ఉంది. ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ పనులకి చేసినవాటికి అందులోనే మినహాయింపు కూడా ఉంది. మన చాకులు మూడు, మూడున్నర అంగుళాలవి. అయినా నేను గుడికి, జాతరకి, మీటింగులకి తీసుకెళ్లను. పాతపట్నం వైపు వెళ్లేటప్పుడు పనిముట్ల సంచిలో పట్టుకారు పక్కన ఉంటుంది, అడిగితే పని చెబుతాను. విమానంలో చేతి సంచిలో అసలు ఒప్పుకోరు. మా తమ్ముడు తన చాకుని పెద్ద బ్యాగులో వేసి ఇచ్చేస్తాడు.

మా షాపులో ఇప్పుడు గుమ్మ అనే ఊరి వైపు నుంచి వచ్చిన సవర కుర్రాడు పని నేర్చుకుంటున్నాడు. వెదురు చీల్చడంలో వాడే నాకు గురువు. చీలిక ఒక పక్కకి పోతుంటే నేను చాకు పెట్టి మెలిపెట్టేవాణ్ణి కదా, వాడు మందంగా ఉన్న పక్కని చేత్తో కొంచెం ఎక్కువ వంచుతాడు, చీలిక తనంతట తనే మధ్యలోకి వచ్చేస్తుంది. చాకుతో పనే లేదు. అది చూసిన రోజు నా వేలి మీది మచ్చ వైపు చాలాసేపు చూసుకున్నాను. ఇప్పుడు చీల్చడానికి పెద్ద కత్తి, చేతులు. మడత చాకు నునుపు చెయ్యడానికే.

వాడికి సొంత చాకు కొనాలని పోయిన నెల తీగ కోసం బరంపురం వెళ్లినప్పుడు వాణ్ణి కూడా తీసుకెళ్లాను. 450 రూపాయల్లో బ్యాక్ లాక్ చాకులు ఒక డబ్బా నిండా ఉన్నాయి. నేను ఎంచలేదు, వాడికే వదిలేశాను. మొదటిదాని బ్లేడు పైకీ కిందకీ ఆడింది, పక్కన పెట్టాడు. రెండోది బల్ల అంచు మీద తట్టగానే మూసుకుంది. షాపాయన "ఏటి బాబూ, కొంటావా విరగ్గొడతావా" అన్నాడు. వాడు మాట్లాడకుండా మూడోది తీశాడు. నాలుగోది రెండుసార్లు తట్టి, వెలుతురుకి పెట్టి కొక్కెం దిగిన చోటు చూసి, మేస్త్రీ ఇది, అన్నాడు.

మర్నాడు దాంతో 24 పుల్లలు చెక్కాడు. రెండు మందంగా ఉన్నాయి. నేను చెప్పకముందే వాటిని తీసి పక్కన పెట్టుకుని మళ్లీ చెక్కాడు. సాయంత్రం షాపు కట్టేముందు బ్రష్‌తో గాడిలో పొట్టు దులిపి, ఒక చుక్క మిషన్ ఆయిల్ వేసి, చాకు మూసి జేబులో పెట్టుకున్నాడు.